పెన్సిల్ గీతలున్న కార్డులు: పిట్స్‌బర్గ్‌లో ఒక పాత బేస్‌బాల్ సేకరణకు విలువ కట్టిన వైనం

2022 సెప్టెంబరు మొదటి వారంలో ఒక మహిళ నాకు ఫోను చేశారు. ఆమెది పిట్స్‌బర్గ్ తూర్పు శివారు. పెన్‌హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళే దారిలోనే వాళ్ళ ఇల్లు. తన తండ్రి చిన్నప్పుడు పోగుచేసిన బేస్‌బాల్ కార్డులు, అంటే ఆటగాళ్ళ బొమ్మలు అచ్చువేసిన అట్టముక్కలు, మూడు చుట్టల పెట్టెల నిండా ఉన్నాయని, వాటితోపాటు మిక్కీ మ్యాంటిల్ అనే మహా ఆటగాడి 1952 నాటి కార్డు ఒకటి ఉందని చెప్పారు. అంతకు వారం ముందే ఆ కార్డు ప్రతి ఒకటి వేలంలో 1.26 కోట్ల డాలర్లు పలికింది. క్రీడాకారుల వస్తువులన్నిటిలోనూ అప్పటికి అదే రికార్డు ధర. ఆ వార్త చూశాక ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టి ఉండదు.

నేను ఆమెను అడిగినవి రెండే. ఒకటి, నేను వచ్చేదాకా పెట్టెలు తెరవద్దు. రెండు, కార్డులను ఎవరూ తుడవవద్దు, చెరపవద్దు, సరిచేయవద్దు. ఆమె ఒక్క క్షణం ఆగి సరేనన్నారు. ఆ ఆగడానికి అర్థం నాకు తర్వాత వాళ్ళ భోజనాల బల్ల ముందు కూర్చున్నాక తెలిసింది.

నా గురించి రెండు మాటలు చెప్పాలి. నేను పుట్టి పెరిగింది తెనాలిలో. అగ్గిపెట్టెల మీది బొమ్మలు ఒలిచి, పుస్తకాల మధ్య పెట్టి, బడిలో మారకం వేసుకున్న తరం మాది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం పిట్స్‌బర్గ్ వచ్చాక మా అబ్బాయి ద్వారా ఈ కార్డులు పరిచయమయ్యాయి. వాడు పెద్దవాడై వదిలేశాడు కాని నేను వదల్లేకపోయాను. ఇరవై ఏళ్ళుగా వారాంతాల్లో 1970కి ముందరి కార్డులు చూసి విలువ కడుతున్నాను. గంటల లెక్కన రుసుము తీసుకుంటాను. అమ్మకంలో వాటా తీసుకోను, నేను విలువ కట్టిన కార్డును ఎన్నడూ కొనను. కట్టేవాడూ కొనేవాడూ ఒకడే అయితే ఆ విలువను నమ్మడానికి వీల్లేదని నా గట్టి అభిప్రాయం.

బల్ల మీద మూడు పెట్టెలు

ఆ పెద్దాయన 1943లో పుట్టారు. బాల్యమంతా ఓక్‌లాండ్ ప్రాంతంలో, పైరేట్స్ జట్టు ఆడిన ఫోర్బ్స్ ఫీల్డ్ మైదానానికి నడిచి వెళ్ళగలిగే దూరంలో గడిచింది. పదమూడో ఏడు వచ్చేదాకా కార్డులు కొన్నారు. ఒక పెట్టెను, ఆయన సైన్యంలో ఉండగా, తల్లి ఇల్లు సర్దుతూ పారేసింది. మిగిలిన మూడూ మేనత్త ఇంట్లో బట్టల బీరువా అడుగున ఉండిపోవడం వల్ల బతికాయి. అటక మీద పెట్టి ఉంటే ఎండాకాలపు వేడికి, నేలమాళిగలో పెట్టి ఉంటే చెమ్మకు అవి ఈపాటికి వంకరపోయేవి. ఇంటి మధ్యలో, చీకట్లో, పెద్దగా మార్పులేని వాతావరణంలో అరవై ఏళ్ళు ఉండటమే ఈ సేకరణకు జరిగిన మొదటి మేలు.

పెట్టె తెరిచాక నేను వెంటనే కార్డులు బయటికి తీయను. పైనుంచి, పక్కనుంచి ఫొటోలు తీస్తాను. కార్డులు ఏ వరసలో ఉన్నాయన్నది కూడా సాక్ష్యమే. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని, పూర్తిగా ఆరబెట్టుకుని, వట్టి చేతులతోనే అంచులు పట్టుకుని తీస్తాను. నూలు చేతితొడుగులు వేసుకుంటే మెత్తబడ్డ మూలలు పోగులకు తగులుకుంటాయి, పట్టు తెలియదు.

మొత్తం 641 కార్డులు. ఎక్కువ భాగం 1953 నుంచి 1956 దాకా టాప్స్ కంపెనీ వేసినవి, కొన్ని బౌమన్ కంపెనీవి. 1956లో బౌమన్‌ను టాప్స్ కొనేసింది కనుక ఆ తర్వాత ఆ పేరుతో కార్డులు చాలా ఏళ్ళు రాలేదు. పైన మొదటి కార్డు తీయగానే నా కంట పడింది పెన్సిల్ రాత. 1952 బౌమన్ వారి రాల్ఫ్ కైనర్ కార్డు అది. కైనర్ పైరేట్స్ జట్టుకు ప్రాణంలాంటి ఆటగాడు. 1953 జూన్‌లో జట్టు యాజమాన్యం ఆయనను చికాగో కబ్స్‌కు ఇచ్చేసింది. కార్డు కింద, పదేళ్ళ పిల్లవాడి గుండ్రటి అక్షరాలతో, "కబ్స్" అని రాసి ఉంది. పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కాడంటే వెనకవైపు వేలికి తగులుతోంది.

అలాంటివి 97 కార్డులు లెక్కతేలాయి. ఆటగాడు జట్టు మారినప్పుడల్లా ఆ పిల్లవాడు కార్డును సరిదిద్దాడు. 1956 మే నెలలో బిల్ వర్డన్ కార్డినల్స్ నుంచి పిట్స్‌బర్గ్ వచ్చాడు. ఆ కార్డు మీద "పైరేట్స్" అన్న మాట కింద రెండు గీతలు కూడా ఉన్నాయి. ఆనందం పట్టలేకపోయాడన్నమాట.

ఆ మధ్యాహ్నం కాఫీ తాగుతూ నేను గమనించిన సంగతి ఒకటుంది, ఈ కేసు మొత్తానికి అదే కీలకమైంది. పెన్సిల్ పడింది జట్టు మారిన వాళ్ళ మీద. ఆ రోజుల్లో మహా ఆటగాళ్ళు చాలామంది ఒకే జట్టులో ఉండిపోయేవారు. రాబర్టో క్లెమెంటే 1955 నుంచి 1972 దాకా ఆడిన 18 సీజన్లూ పైరేట్స్‌కే ఆడాడు. కనుక ఈ రోజున ఎక్కువ వెల పలికే కార్డుల్లో చాలావాటికి పెన్సిల్ తగలనే లేదు. విలువలేని కార్డుల మీద రాతలు, విలువున్నవి శుభ్రం. ఒక్కటి తప్ప. దాని సంగతి తర్వాత.

మ్యాంటిల్ కార్డు

ఇంటిల్లిపాది ఎదురుచూస్తున్నది దాని కోసమే. అది చుట్టల పెట్టెలో లేదు. విడిగా ఒక గట్టి ప్లాస్టిక్ తొడుగులో, బీరువా సొరుగులో ఉంది. ఆ ఒక్క విషయమే నాకు అనుమానం కలిగించింది. పిల్లవాడిగా కొన్న కార్డయితే తోటి కార్డులతో కలిసి ఎందుకు లేదు?

1952 టాప్స్ వరసలో 407 కార్డులు. మ్యాంటిల్ సంఖ్య 311. చివరి విడత 311 నుంచి మొదలవుతుంది. ఆ విడత బేస్‌బాల్ సీజను ముగిసే వేళకు దుకాణాలకు చేరింది. అప్పటికి పిల్లల మనసు ఫుట్‌బాల్ మీదికి పోయింది. అమ్ముడుపోని పెట్టెలు ఏళ్ళ తరబడి గోదాములో పడి ఉంటే, 1960లో వాటిని పడవలో తీసుకెళ్ళి న్యూజెర్సీ తీరానికి ఆవల అట్లాంటిక్‌లో పడేయించానని ఆ వరసను రూపొందించిన టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ తర్వాతి కాలంలో చెప్పారు. ఈ అరుదుదనమే ఆ కార్డుకు అంత వెల తెచ్చింది, అంతే స్థాయిలో నకిలీలనూ పుట్టించింది.

పరీక్షకు నేను పరికరాలేవీ తీయలేదు. ఆ కార్డును 1953 కార్డు ఒకదాని మీద పెట్టాను. 1952 నుంచి 1956 దాకా టాప్స్ కార్డు కొలత 2⅝ అంగుళాల వెడల్పు, 3¾ అంగుళాల పొడవు. 1957 నుంచి ఇప్పటి వరకు వాడుకలో ఉన్న కొలత 2½, 3½ అంగుళాలు. మ్యాంటిల్ కార్డు కింది కార్డు కంటే అన్నివైపులా చిన్నదిగా కనిపించింది. కుటుంబ సభ్యులంతా చూస్తుండగానే ఆ తేడా తేటతెల్లమైంది. నేను నోరు తెరవవలసిన పని లేకపోయింది.

అయినా పని పూర్తి చేయాలి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద పేరు రాసిన నల్లని అక్షరాలు చూశాను. అసలు కార్డులో ఆ నలుపు అచ్చంగా, అతుకు లేకుండా పరుచుకుని ఉంటుంది. అసలుదాన్ని ఫొటో తీసి మళ్ళీ అచ్చువేస్తే అక్షరం కూడా చుక్కలుగా విడిపోతుంది. ఇక్కడ చుక్కలే ఉన్నాయి. గది చీకటి చేసి అతినీలలోహిత దీపం వేస్తే కార్డు నీలంగా వెలిగింది. కాగితాన్ని తెల్లగా చూపే రసాయనాలు 1950 ప్రాంతం తర్వాతే కాగితపు మిల్లుల్లో వ్యాపించాయి. ఆ కాలపు కార్డుల అట్ట ఈ దీపం కింద మందకొడిగా, గోధుమరంగులో ఉండిపోతుంది. పక్కనే పెట్టిన 1953 కార్డు అలాగే ఉంది. చివరిగా వెనకవైపు ఒకచోట కాగితం రుద్ది పలచన చేసినట్లు కనిపించింది. 1983లో టాప్స్ కంపెనీయే 1952 వరసను చిన్న కొలతలో మళ్ళీ అచ్చువేసింది, అవి పునర్ముద్రణలని వెనక రాసింది కూడా. ఆ మాట ఉన్న చోటును ఎవరో పనిగట్టుకుని రుద్దేశారు.

పెద్దాయన అప్పుడు చెప్పారు. తల్లి పారేసిన పెట్టెలో ఆ కార్డు ఉండేది. ఆమె చనిపోయిన ఏడాది, 1980ల చివర్లో, ఒక కార్డుల సంతలో కనిపిస్తే రెండు నెలల ఇంటి అద్దెకు సరిపడా డబ్బు పెట్టి కొన్నారు. ఎవరికీ చెప్పలేదు. దాన్ని పోగొట్టుకున్న కార్డే తిరిగొచ్చినట్లు దాచుకున్నారు. ఆ బల్ల దగ్గర చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. విలువ కట్టేవాడు చెప్పవలసింది చెప్పి తీరాలి. కాని చెప్పిన వెంటనే తర్వాతి కార్డు తీయకూడదని కూడా ఈ పనిలోనే నేర్చుకున్నాను.

క్లెమెంటే కార్డు చూసిన పద్ధతి

ఆ వారం పరిశీలన అక్కడితో ఆపాను. మరుసటి శనివారం రెండో పెట్టె అడుగున 1955 టాప్స్ వరసలో 164వ నంబరు కార్డు దొరికింది. రాబర్టో క్లెమెంటే మొదటి కార్డు. ఆ ఏటి కార్డులు అడ్డంగా అచ్చయ్యాయి. 161 నుంచి పై నంబర్లు చివరి విడతలో వచ్చినవి కనుక మిగతావాటికంటే తక్కువ దొరుకుతాయి. పిట్స్‌బర్గ్‌లో ఆయన పేరు వినని ఇల్లుండదు. 1972 డిసెంబరు 31న నికరాగ్వా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తూ విమానం కూలి చనిపోయాడు. అప్పటికి సరిగ్గా 3,000 హిట్లు కొట్టి ఉన్నాడు. నగరంలో ఒక వంతెనకు ఆయన పేరుంది.

గ్రేడింగ్ అంటే కార్డు స్థితికి ఒకటి నుంచి పది వరకు అంకె ఇవ్వడం. సంస్థ నిపుణులు పరీక్షించి, అసలుదని తేల్చి, అంకె వేసి, తెరవడానికి వీల్లేని ప్లాస్టిక్ పలకలో బిగించి పంపుతారు. దీన్నే సేకరణకారులు స్లాబ్ అంటారు. పీఎస్‌ఏ, ఎస్‌జీసీ, బెకెట్ ఇందులో పేరున్న సంస్థలు. అంకెకు ఆధారాలు నాలుగు. బొమ్మ చుట్టూ తెల్ల అంచు సమానంగా ఉందా, మూలలు పదునుగా ఉన్నాయా, అంచులు చితికాయా, ఉపరితలం మీద మెరుపు, మరకలు, మడతలు ఎలా ఉన్నాయి. నాలుగింటిలో మూడు అద్భుతంగా ఉన్నా, నాలుగోది బాగాలేకపోతే అంకె దాన్నిబట్టే ఉంటుంది.

క్లెమెంటే కార్డు ఎడమ అంచు 1.4 మిల్లీమీటర్లు, కుడి అంచు 2.6. రెండూ కలిపితే 4. అందులో 35 వంతులు ఒకవైపు, 65 వంతులు మరోవైపు. అంచుల ఈ సమతూకాన్నే సెంటరింగ్ అంటారు, ఎనిమిది అంకెకు కూడా ఇది చాలు. మూలలు మాత్రం నాలుగూ కాస్త గుండ్రబడ్డాయి. కింది అంచున చిన్న చితుకు. బీరువాలో నిద్రపోయినా, అంతకుముందు ఒక ఏడాది ఆ పిల్లవాడి జేబులో తిరిగిన కార్డు అది. మెరుపు చాలావరకు నిలిచింది. పక్కవాటుగా పడే వెలుగులో, కార్డును నెమ్మదిగా తిప్పుతూ ముందూ వెనకా చూశాను. మడత లేదు. మడత ఒక్కటి ఉందంటే, ఎంత సన్ననిదైనా, సాధారణంగా నాలుగు దాటదు. నోట్‌బుక్‌లో ఐదు అని రాసుకున్నాను.

కొలతలు కూడా తీసుకున్నాను. పాత కార్డుల కత్తిరింపు అప్పుడే కొంత అటూ ఇటూ ఉండేది, వెంట్రుకవాసి తేడాకు భయపడనక్కర్లేదు. కాని ఒక అంచు మిగతా మూడింటికంటే మరీ కొత్తగా, మరీ తిన్నగా ఉంటే ఆగి చూడాలి. చితికిన అంచును పదునైన కత్తితో కోసి కొత్త అంచు పుట్టించే మోసం ఈ రంగంలో చాలా పాతది. దీన్నే ట్రిమ్మింగ్ అంటారు.

పిట్స్‌బర్గ్‌లో కూర్చుని దీని గురించి చెప్పేటప్పుడు హోనస్ వాగ్నర్ కార్డును తలుచుకోకుండా ఉండలేం. ఆయన పుట్టింది ఈ నగరం పక్కన కార్నెగీలో, ఆడింది పైరేట్స్‌కు. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో వేసిన టీ206 వరసలో ఆయన కార్డు ఎంతో అరుదైనది. వాటిలో బాగా మిగిలిన ఒక ప్రతిని 1991లో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్స్కీ, అతని జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4,51,000 డాలర్లకు కొన్నారు. పీఎస్‌ఏ గ్రేడింగ్ మొదలుపెట్టాక మొట్టమొదట అంకె వేసిన కార్డు అదే, ఎనిమిది ఇచ్చింది. ఆ కార్డు అంచులను తానే కత్తిరించానని బిల్ మాస్ట్రో అనే వేలందారు 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. గ్రేడింగ్ వ్యవస్థ తొలి అడుగే కత్తిరించిన కార్డు మీద పడింది. అందుకే నేను పలకలో ఉన్న కార్డును కూడా అంచు చూడకుండా నమ్మను.

చెరిపేసిన మాట

మూడో పెట్టెలో 1953 టాప్స్ వారి విల్లీ మేస్ కార్డు ఉంది. నంబరు 244. ఆ ఏటి కార్డులు ఫొటోలు కావు, చిత్రకారులు వేసిన బొమ్మలు. ఆ వరసంతటిలో నాకు ఎంతో ఇష్టమైన బొమ్మల్లో ఇదొకటి. కార్డును పక్కవాటు వెలుగులో పెట్టగానే కింది తెల్ల అంచు మీద వేలి వెడల్పున మెరుపు లేని మచ్చ కనిపించింది. భూతద్దం కింద అక్కడ కాగితపు నూగు లేచి ఉంది. ఆ నూగు కింద పెన్సిల్ నొక్కిన గాడి ఇంకా అలాగే ఉంది.

పదహారేళ్ళ మనవడు అప్పుడు తలెత్తాడు. నాకు ఫోను చేయడానికి రెండు రోజుల ముందు, ఒక వీడియో చూసి, తెల్ల రబ్బరుతో చెరిపానన్నాడు. తాతకు ఎక్కువ డబ్బు రావాలన్న ఆశతోనే చేశాడు. ముందు అన్నిటికంటే ఖరీదైనదిగా కనిపించిన కార్డు మీద మొదలుపెట్టాడు, మెరుపు పోతోందని గమనించి ఆపేశాడు. ఆపినందుకు అతన్ని మెచ్చుకున్నాను, మనస్ఫూర్తిగానే.

ఏం రాసి ఉందని అడిగాను. అతనికి గుర్తులేదు. పెద్దాయన కార్డు అందుకుని, కిటికీ వెలుగుకు ఎత్తి, గాడి మీద గోరు పోనిచ్చి చెప్పారు: "ఆర్మీ." విల్లీ మేస్ 1952 మే నెలలో సైన్యంలోకి వెళ్ళి 1954 వసంతం దాకా ఆటకు దూరంగా ఉన్నాడు. అంటే మేస్ జట్టు మారలేదు, దేశం కోసం వెళ్ళాడు. ఆ పిల్లవాడి లెక్కలో అదీ ఒక మార్పే కనుక రాసుకున్నాడు. పెన్సిల్ తగిలిన ఒకే ఒక్క విలువైన కార్డు అది.

ఈ నష్టం ఎంతో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇదే తప్పు నేను ప్రతి ఏడూ చూస్తున్నాను. రాతతో ఉన్న కార్డును గ్రేడింగ్ సంస్థలు రాత ఉన్న కార్డుగానే ఒప్పుకుంటాయి. పీఎస్‌ఏ పద్ధతిలో అంకె పక్కన "ఎంకే" అనే గుర్తు పడుతుంది, లేదా గుర్తు వద్దని కోరితే అంకె రెండు మెట్లు తగ్గుతుంది. ఏదైనా అది అంకె ఉన్న కార్డు. చెరిపి, నూగు లేచిన కార్డు అలా కాదు. దానికి మార్పు జరిగినదని ముద్రపడుతుంది, అంకె రాదు. ఆ మేస్ కార్డు రాతతో వచ్చి ఉంటే మూడో, నాలుగో తెచ్చుకునేది. నలభై సెకన్ల రబ్బరు పనితో ఆ అంకె పోయింది.

రంగు పోయిన చోట మార్కరు పూయడం, మడతను చెంచా వెనకతో నొక్కడం, మరకను రసాయనంతో తుడవడం కూడా ఈ కోవలోకే వస్తాయి. పాత ఆల్బంలో జిగురుతో అంటించిన సిగరెట్ కార్డులను శుద్ధజలంలో నానబెట్టి విడదీయడం ఒక్కదాన్నే సేకరణకారుల్లో ఎక్కువమంది తప్పుగా చూడరు. 1950ల నాటి మెరుపు పూత ఉన్న కార్డులకు నేను అదీ వద్దంటాను.

ఏవి పంపాలి

641లో 17 మాత్రమే పంపుదామన్నాను. కుటుంబానికి అది రుచించలేదు. అల్లుడు కనీసం వంద పంపాలన్నారు. నా పద్ధతి వారి ముందు పెట్టాను. ప్రతి కార్డుకూ నోట్‌బుక్‌లో మూడు గడులు. నేను ఊహించిన అంకె వస్తే దాని ధర, ఒక మెట్టు తక్కువ వస్తే ధర, అసలు గ్రేడింగ్ లేకుండా అమ్మితే ధర. రెండో గడిలోంచి రుసుము, తపాలా ఖర్చు తీసేసినా మూడో గడి కంటే ఎక్కువ మిగిలితేనే పంపాలి. మొదటి గడి చూసి పంపేవాళ్ళే నష్టపోతారు, ఎందుకంటే ఎవరి కార్డు వాళ్ళకు ఒక మెట్టు ఎక్కువే కనిపిస్తుంది. రుసుము కూడా మనం ప్రకటించే విలువనుబట్టి పెరుగుతుంది.

అలా మిగిలినవే ఆ 17. క్లెమెంటే, 1954 టాప్స్ వారి హ్యాంక్ ఆరన్ మొదటి కార్డు, 1955 నాటి శాండీ కోఫాక్స్, 1956 మ్యాంటిల్, జాకీ రాబిన్సన్ రెండు, 1953 శాచెల్ పేజ్ వాటిలో ఉన్నాయి. పేజ్ పేరును టాప్స్ ఒక "ఎల్" ఎక్కువ వేసి అచ్చువేసింది. కాని అన్నీ అలాగే వచ్చాయి కనుక ఆ తప్పుకు విడిగా విలువేమీ లేదు. మేస్ కార్డునూ చేర్చాను. అంకె రాదని ముందే చెప్పాను. కాని అసలుదన్న ధ్రువీకరణ ఉంటే కొనేవాడికి ధైర్యం ఉంటుంది.

ప్యాకింగ్ విషయానికొస్తే, ప్రతి కార్డునూ పలుచని సంచిలో, దాన్ని కార్డ్ సేవర్ అనే వంగే తొడుగులో పెట్టాను. గట్టి తొడుగులోంచి తీసేటప్పుడు మూలలు తగులుతాయని గ్రేడింగ్ సంస్థలు కార్డ్ సేవర్‌నే కోరతాయి. బరువు, ఫొటోలు, జాబితా రాసుకుని రిజిస్టర్డ్ తపాలాలో పంపాం.

పన్ను మాట ఇక్కడే చెప్పాలి. ఆ నెలలోనే పెద్దాయన కార్డులన్నీ కూతురికి కానుకగా రాసిచ్చేద్దామనుకున్నారు. నేను ఆపి, ముందు పన్నుల నిపుణుణ్ణి కలవమన్నాను. అమెరికా చట్టంలో బతికుండగా ఇచ్చిన కానుకకు ఇచ్చినవారి కొనుగోలు ధరే లెక్క. ఆయన కొన్నది పైసల్లో. అంటే కూతురు అమ్మితే దాదాపు మొత్తం లాభంగా లెక్కకొస్తుంది. సేకరణ వస్తువుల మీద దీర్ఘకాలిక లాభానికి పన్ను రేటు 28 శాతం దాకా ఉంటుంది. వారసత్వంగా వస్తే మాత్రం యజమాని మరణించిన నాటి మార్కెట్ విలువే కొనుగోలు ధర అవుతుంది. తండ్రి మరణం గురించి ఇంట్లో మాట్లాడటం ఎవరికీ తేలిక కాదు. ఆయనే ముందు మాట్లాడారు. ఏవి ఇప్పుడు అమ్మాలి, ఏవి తన తర్వాతకు ఉంచాలి అన్న నిర్ణయం గ్రేడింగ్ అంకెల కంటే ఈ లెక్క మీదే ఎక్కువ ఆధారపడింది.

ఫలితాలు, నా పొరపాటు

కార్డులు తిరిగి వచ్చేసరికి 2023 ఫిబ్రవరి. క్లెమెంటేకు ఐదు. కోఫాక్స్‌కు నాలుగు. 1956 మ్యాంటిల్‌కు మూడు. పిల్లలు కట్టలకు వేసే రబ్బరు బ్యాండు దాని రెండు పక్కలా గాట్లు పెట్టింది, అంతకు మించి ఆశించలేదు. మేస్‌కు మార్పు జరిగినదన్న ముద్ర. మిగతావి నా అంచనాకు సమానంగానో, ఒక మెట్టు అటూ ఇటూగానో వచ్చాయి.

ఆరన్ కార్డుకు నేను ఐదు రాసుకున్నాను. మూడు వచ్చింది.

1954 వరసలో బొమ్మ రంగు పై అంచు దాకా పోతుంది, తెల్ల అంచు మిగతా మూడు వైపులే. నారింజ రంగు మీద ఆరన్ ముఖం. మూలలు బాగున్నాయి, రంగు ఎక్కడా మాయలేదు. ఏం జరిగిందో తెలుసుకోవడానికి పలకను దీపం కింద పెట్టి తిప్పాను. వెనకవైపు, అక్షరాల మధ్యగా, రెండు అంగుళాల పొడవున సన్నని ముడత. ముందువైపు దాని జాడ లేదు. తిన్నగా పడే వెలుగులో కనపడదు. కొంచెం వంచి పట్టుకుంటే వెంట్రుకలా మెరుస్తుంది.

సంస్థ తప్పేమీ లేదు, వాళ్ళు సరిగ్గా చూశారు. నేను చూడలేదు. ఆ రోజు ఆరన్ కార్డును తొడుగులోంచి తీయబోతే పెద్దాయన చేయి వణుకుతూ ముందుకొచ్చింది. ఆయనకు అది ప్రాణం. 1974 ఏప్రిల్ 8న ఆరన్ 715వ హోమ్‌రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటిన రాత్రి ఆ కార్డు తీసి బల్ల మీద పెట్టుకుని ఆట చూశానన్నారు. ఆయన ఆందోళన చూసి నేను తొడుగులోనే ఉంచి పరీక్షించాను. ప్లాస్టిక్ మీది మెరుపులు ఆ ముడతను మింగేశాయి. మర్యాద కోసం పరీక్షలో ఒక మెట్టు వదిలేశాను, ఆ మాట నోట్‌బుక్‌లో కూడా రాయలేదు. రాసి ఉంటే ఆ అంచనా పక్కన ప్రశ్నార్థకం ఉండేది, వాళ్ళు ఐదు మీద ఆశ పెట్టుకునేవారు కాదు. ఆ కార్డు విషయంలో నా రుసుము తిరిగి ఇచ్చేశాను. ఇప్పుడు తొడుగులోంచి తీయనివ్వని కార్డుకు నేను అంకె చెప్పను. "చూడలేదు" అని రాస్తాను.

అల్లుడు పలక పగలగొట్టి మరో సంస్థకు పంపితే ఎలా ఉంటుందని అడిగారు. అలా చేసి లాభపడినవాళ్ళు ఉన్నారు, అది చట్టవిరుద్ధమూ కాదు. కాని ముడత ముడతే. రెండోసారి ఎవరైనా దాన్ని గమనించకపోతే, ఆ నష్టం రేపు కొనేవాడి మీద పడుతుంది. నా చేతుల మీదుగా అది జరగదని చెప్పాను.

చివరికి ఏం చేశారు

పైకప్పు బాగుచేయించడానికి డబ్బు కావాలి కనుక కోఫాక్స్, మ్యాంటిల్, రాబిన్సన్ కార్డులు ఆ వసంతంలో వేలానికి వెళ్ళాయి. క్లెమెంటేను ఆయన తర్వాత కూతురికి వదిలేలా వీలునామాలో రాశారు. ఆరన్‌ను ఆయన పలకతో సహా తన గదిలో పెట్టుకున్నారు. మూడు వచ్చినా ఐదు వచ్చినా అమ్మేవాణ్ణి కానని అప్పుడు చెప్పారు. ముందే చెప్పి ఉంటే పంపవద్దనేవాణ్ణి. విలువ కట్టే ముందు "ఇందులో ఎట్టి పరిస్థితిలోనూ అమ్మనివి ఏవి?" అని ఇప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న అక్కణ్ణుంచి వచ్చింది.

మిగిలిన 624 కార్డుల్లో రాతలున్న 96ను విడదీసి అమ్మవద్దన్నాను. విడివిడిగా వాటికి పెద్ద ధర లేదు. ఒకేచోట ఉంటే అవి 1953 నుంచి 1956 దాకా పిట్స్‌బర్గ్ పిల్లవాడొకడు రేడియో విని, పత్రిక చదివి తయారుచేసుకున్న జట్ల పట్టిక. మనవడు వాటిని తేదీల వారీగా పేర్చి, ప్రతి మార్పు ఏ నెలలో జరిగిందో రాస్తున్నాడు. నకిలీ మ్యాంటిల్‌ను పెద్దాయన పారేయనివ్వలేదు. వెనకవైపు రుద్దేసిన చోట, తన చేత్తో, పెన్సిల్‌తో "1983 పునర్ముద్రణ" అని రాసి అదే సొరుగులో పెట్టారు.

విల్లీ మేస్ కార్డు పలక మీద చిన్న కాగితం అంటించి ఉంది. దాని మీద మనవడి అక్షరాలతో "ఆర్మీ" అని ఉంది.